టాహో దారిలో కనిపించే ఓక్ కొండల్ని గుర్తుపట్టడం ఎలా

శాక్రమెంటో నుంచి హైవే 50 ఎక్కి లేక్ టాహోకి వెళ్ళే మన వాళ్ళందరూ దారిలో ఒక అడవిని దాటుకునే వెళ్తారు, కానీ దాన్ని అడవి అని ఎవరూ అనుకోరు. ఫాల్సమ్ దాటగానే రెండు పక్కలా ఎండిపోయిన గడ్డి, అందులో అక్కడొకటి ఇక్కడొకటి గుండ్రటి చెట్లు, వాటి మధ్య ఏవో పొదలు. వెనక సీట్లో పిల్లలు "స్నో ఎప్పుడొస్తుంది" అని అడుగుతూనే ఉంటారు, మనం కూడా ప్లాసర్‌విల్ దాటి పొడుగాటి పైన్ చెట్లు వచ్చేదాకా బయటికి సరిగ్గా చూడం. నేను కొన్నేళ్ళు అలాగే తిరిగాను. మా అమ్మ ఆరు నెలలు ఉందామని వచ్చినప్పుడు, రోజూ సాయంత్రం తనని నడిపించడానికి ఇంటి దగ్గర ట్రెయిల్‌కి తీసుకెళ్ళడం మొదలుపెట్టాక గానీ ఈ కొండల మీద ఏముందో నాకు తెలియలేదు. ఒంగోలు పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, ఇంగ్లీషు పేరు ఒక్కటీ రాదు, అయినా రెండో వారానికల్లా నాకంటే ఎక్కువ చెట్లు గుర్తుపట్టేసింది. ఎలా గుర్తుపట్టిందో చూసి నేను నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఇక్కడి వాళ్ళు దీన్ని ఫుట్‌హిల్ వుడ్‌ల్యాండ్ అంటారు. కాలిఫోర్నియా నడిమధ్యలో ఉన్న సెంట్రల్ వ్యాలీ చుట్టూ ఒక కంకణంలాగా ఉంటుంది: తూర్పున సియెర్రా నెవాడా కొండల పాదాల దగ్గర, పడమట కోస్ట్ రేంజ్ లోపలి వైపు వాలుల్లో. ఎత్తు సుమారు 300 అడుగుల నుంచి 3,000 అడుగుల దాకా. ఫాల్సమ్, ఎల్ డొరాడో హిల్స్, ఆబర్న్ వైపు ఉండేవాళ్ళకి ఇది గుమ్మం ముందే. బే ఏరియా వాళ్ళకి సునోల్, మౌంట్ డయాబ్లో, శాన్ హోసే పక్కన జోసెఫ్ గ్రాంట్ పార్క్, ఇంకాస్త లోపలికి హెన్రీ కో పార్క్. కాబట్టి ఎక్కడికో వెళ్ళాల్సిన పని లేదు, మీకు దగ్గర్లో ఉన్న ఒక్క ట్రెయిల్ ఎంచుకోండి, ఏడాదంతా దానికే వెళ్ళండి. పది పార్కులు ఒక్కోసారి చూసినవాళ్ళకంటే ఒకే కొండని పదిసార్లు చూసినవాళ్ళకి చెట్లు బాగా తెలుస్తాయి.

పేర్ల దగ్గర మొదలుపెట్టకండి

చాలామంది చేసే పని, ఫోన్ తీసి యాప్‌లో ఫొటో కొట్టి పేరు చూడటం. ఐనాచురలిస్ట్, సీక్ రెండూ మంచివే, నేనూ వాడతాను, కానీ మొదటి రోజే దాంతో మొదలుపెడితే ముప్ఫై పేర్లు చూస్తారు, ఇంటికొచ్చేసరికి ముప్ఫై మర్చిపోతారు. అమ్మ అడిగేది పేరు కాదు. "ఇది ఈ గట్టు మీదే ఎందుకుందిరా, అటు పక్క ఒక్కటీ లేదే?" అని అడిగేది. సరిగ్గా అక్కడే మొదలుపెట్టాలి. ముందు వాలు చూడండి, తర్వాత ఓక్ ఏదో చూడండి, తర్వాత దాని పక్కన ఎవరున్నారో చూడండి. పేరు ఆఖర్న వచ్చినా పర్లేదు.

వాలు సంగతి మన వాళ్ళకి కొత్తగా ఉంటుంది, ఎందుకంటే మన ఊళ్ళో దీన్ని పెద్దగా గమనించం. ఒంగోలు 15 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, సూర్యుడు చాలా నెలలు దాదాపు నడినెత్తిన ఉంటాడు, కొండకి ఏ పక్కయినా ఎండ ఎండే. ఫాల్సమ్ 38 డిగ్రీల పైన ఉంది. ఇక్కడ సూర్యుడు ఎప్పుడూ దక్షిణానికి వాలే ఉంటాడు కాబట్టి దక్షిణం వైపు తిరిగిన వాలు మాడిపోతుంది, ఉత్తరం వైపు తిరిగిన వాలు నీడలో ఉండి తేమ దాచుకుంటుంది. పైగా వానలన్నీ నవంబరు నుంచి ఏప్రిల్ లోపే, ఆ తర్వాత దాదాపు ఆరు నెలలు చుక్క పడదు. మనకి వానలు ఎండల వెనకే వస్తాయి, ఇక్కడ చలితో పాటు వచ్చి చలితో పాటే పోతాయి. ఆ ఆరు నెలలు ఎలా గట్టెక్కాలన్నదే ఇక్కడి ప్రతి మొక్కకీ ఉన్న సమస్య, ఏ మొక్క ఎక్కడ నిలబడిందో దానికి కారణం చాలావరకు ఇదే.

చేయాల్సింది చిన్న పని. ట్రెయిల్ మీద ఏదైనా గట్టు పైకి ఎక్కి, ఫోన్‌లో దిక్సూచి తెరిచి, ఏది ఉత్తరమో చూసుకుని రెండు పక్కలకీ ఒకసారి చూడండి. దక్షిణం వాలులో చెట్లు దూరం దూరంగా ఉంటాయి, మధ్యలో గడ్డి, బండరాళ్ళు, చమీస్ అనే సన్నాకుల పొద. ఉత్తరం వాలులో చెట్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ చిక్కగా, ముదురు ఆకుపచ్చగా ఉంటాయి. ఒకే కొండ, ఒకే వాన, మధ్యలో నాలుగడుగుల గట్టు. ఈ తేడా ఒక్కసారి కంటికి పట్టిందంటే ఆ తర్వాత కారులో పోతూ కూడా దూరపు కొండ చూసి ఏది ఏ దిక్కో చెప్పేస్తారు.

నాలుగు ఓక్‌లు తెలిస్తే చాలు

ఓక్ మన తెలుగు నేల మీద సహజంగా పెరిగే చెట్టు కాదు. హిమాలయాల్లో ఉంది, ఈశాన్యంలో ఉంది, దక్కన్‌లో లేదు. పాఠ్యపుస్తకాల్లో సింధూర వృక్షం అని రాస్తారు గానీ ఆ మాట ఎవరూ వాడరు, అందుకని ఓక్ అనే అంటున్నాను. ఇక్కడ జాతులు చాలా ఉన్నా ఈ కొండల్లో నాలుగింటితో పని అయిపోతుంది.

బ్లూ ఓక్ ఈ అడవికి పెద్ద. ప్రపంచంలో కాలిఫోర్నియాలో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. ఆకు చిన్నది, రెండు మూడు అంగుళాలు, అంచు లోతుగా చీలకుండా అల అలగా ఉంటుంది, రంగులో ఆకుపచ్చకి కొంచెం నీలి బూడిద కలిపినట్టు. బెరడు లేత బూడిద రంగులో చిన్న చిన్న పెచ్చులుగా ఉంటుంది. చలికాలంలో ఆకు మొత్తం రాల్చేస్తుంది, మరీ కరువు ఏడాదైతే ఎండాకాలం చివర్లోనే రాల్చేసి ఊరుకుంటుంది. ఆగస్టులో మోడుగా కనిపించిందని చచ్చిపోయిందనుకోవద్దు, మరుసటి మార్చిలో వెళ్ళి చూడండి. ఎండిన గడ్డి మధ్య ఒంటరిగా నిలబడ్డ గుండ్రటి చెట్టు కనిపిస్తే నూటికి తొంభై సార్లు ఇదే.

ఇంటీరియర్ లైవ్ ఓక్ ఏడాదంతా పచ్చగా ఉంటుంది. ఆకు మందం, రెండు వైపులా నున్నగా మెరుస్తుంది. కొన్ని ఆకుల అంచుకి ముళ్ళుంటాయి, కొన్నిటికి ఉండవు, ఒకే కొమ్మ మీద రెండు రకాలూ కనిపిస్తాయి, ఖంగారు పడొద్దు. బే ఏరియా వైపు దీని దాయాది కోస్ట్ లైవ్ ఓక్ ఎక్కువ. దాని ఆకు బోర్లించిన గరిటెలాగా వంగి ఉంటుంది, తిప్పి చూస్తే ఈనెలు కలిసే మూలల్లో చిన్న నూగు కుచ్చులు కనిపిస్తాయి. ఆకు తిప్పి చూడటం అలవాటు చేసుకోండి, సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

వ్యాలీ ఓక్ ఏరు పక్కన, మట్టి లోతుగా ఉన్న చదునులో ఉంటుంది. చాలా పెద్ద చెట్టు. ఆకు లోతైన తమ్మెలుగా చీలి, తమ్మె చివర గుండ్రంగా ఉంటుంది. కాయ పొడుగ్గా, వేలి రెండు కణుపులంత ఉంటుంది. నాలుగోది బ్లాక్ ఓక్: ఆకు ఇదీ లోతుగా చీలి ఉంటుంది గానీ తమ్మె చివర సూదిలాంటి మొన ఉంటుంది. ఇది ఎత్తులో మొదలవుతుంది. టాహో దారిలో బ్లాక్ ఓక్, దాని వెంట పొడుగాటి పాండరోసా పైన్ కనిపించడం మొదలైందంటే మీరు ఫుట్‌హిల్ అడవి దాటి పై అడవిలోకి వచ్చేశారన్నమాట.

వీటిలో అది కలిసి ఇది పుట్టిన సంకరాలు కూడా ఉంటాయి. ఒక చెట్టు ఏ వర్ణనకీ కుదరకపోతే దాని గురించి టెన్షన్ పెట్టుకోకుండా ముందుకెళ్ళిపోండి.

ఇక ఓక్ కాకుండా ఈ అడవిలో పైకి లేచి కనిపించే చెట్టు ఒకటే, గ్రే పైన్. బ్లూ ఓక్ ఎక్కడుంటే చాలాచోట్ల ఇదీ అక్కడే. మామూలు పైన్ లాగా నిటారుగా ఒక్క మానుగా పోకుండా మధ్యలో రెండు మూడుగా చీలిపోతుంది, సూదులు బూడిద రంగులో పల్చగా ఉంటాయి, దాని కింద నిలబడితే నీడ పట్టదు. కాయ మాత్రం చిన్న కొబ్బరికాయంత బరువుగా ఉంటుంది, కొక్కేల్లాంటి ముళ్ళతో. దాని కింద దుప్పటి పరిచి పిక్నిక్ పెట్టుకోకండి.

బదనిక, మాచికాయ

ఇప్పుడు అమ్మ చేసిన పని చెప్తాను. డిసెంబరులో ఒకరోజు ఆకులు రాలిపోయిన ఓక్‌లో, కొమ్మల మధ్య పచ్చటి గుంపులు బంతుల్లాగా వేలాడుతుంటే నేను పక్షి గూళ్ళనుకున్నాను. అమ్మ కిందనుంచే చూసి "గూడేమిట్రా, బదనిక" అంది. మామిడి చెట్టు మీద, వేప మీద పెరిగే బదనిక మనకి తెలిసిందే కదా. ఇక్కడ దాన్ని మిసిల్‌టో అంటారు. మొక్క వేరే అయినా బతుకు అదే: పక్షులు పండు తిని గింజని కొమ్మకి అంటిస్తాయి, అది కొమ్మలోకి వేరు దించి నీళ్ళు లాగుతుంది, ఎండ మాత్రం తన ఆకులతో తానే తీసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఓక్ దాన్ని ఏళ్ళ తరబడి మోస్తుంది.

ఇంకోరోజు ఏటి ఒడ్డున ఒక వ్యాలీ ఓక్ కింద నిమ్మకాయంత గోధుమ రంగు ఉండ దొరికింది. పండులా ఉంది, చేతిలోకి తీసుకుంటే బరువే లేదు, ఒక పక్క గుండుసూది గుచ్చినట్టు చిన్న చిల్లి. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి "మాచికాయ లాగుందే, కాకపోతే మరీ పెద్దది" అంది. ఇంటికొచ్చి చదివితే, ఇదీ మాచికాయ పుట్టినట్టే పుట్టిందట. ఒక చిన్న కందిరీగ ఓక్ కొమ్మలో గుడ్డు పెడితే, ఆ చోట చెట్టే ఉబ్బి ఇలా ఉండ కడుతుంది, లోపల పురుగు తిని పెరిగి ఆ చిల్లిలోంచి బయటికి పోతుంది. మన పచారీ కొట్టులో దొరికే మాచికాయ కూడా కాయ కాదు, పశ్చిమాసియాలో పెరిగే వేరే ఓక్ మీద ఇలాగే కందిరీగ వల్ల వచ్చే ఉండ. వస, కరక్కాయ, మాచికాయ సాన మీద అరగదీసి పసిపిల్లలకి పోసిన ఇళ్ళల్లో ఓక్ చెట్టు ముక్క తరతరాలుగా ఉందన్నమాట, ఆ చెట్టు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియకుండా. ఆ రోజు నుంచి నాకు ఈ కొండలు పరాయివిగా అనిపించలేదు.

ఆకుల వెనక కూడా చూడండి. బ్లూ ఓక్ ఆకుల మీద ఎండాకాలంలో గులాబీ రంగు ముళ్ళ బంతులు, ఎర్రటి చిన్న శంకువులు కనిపిస్తాయి. ఒక్కో రూపం ఒక్కో కందిరీగది.

చుట్టరికం పట్టుకోండి

పొదల దగ్గరికి వచ్చేసరికి నేను వాడే చిట్కా ఇది. కొత్త మొక్క పేరు కంటే అది మన ఊరి ఏ మొక్కకి చుట్టమో తెలుసుకుంటే మర్చిపోవడం ఉండదు.

మార్చిలో ఆకులు రాకముందే కొమ్మ నిండా ముదురు గులాబీ పూలు అంటుకుపోయి కనిపించేది రెడ్‌బడ్. తర్వాత వచ్చే ఆకులు గుండెకాయ ఆకారంలో ఉంటాయి. ఇది మన దేవకాంచనానికి దగ్గర చుట్టం, చిక్కుడు కుటుంబంలో రెండూ ఒకే శాఖ. కాయలు చూసినా మీకే తెలుస్తుంది. సియనోథస్ అనే పొద తెల్లగానో నీలంగానో గుత్తులుగా పూస్తుంది, రేగు కుటుంబం. దాని వేళ్ళలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకి పట్టిస్తాయి, అందుకే మరీ బీద నేలలో కూడా బతికేస్తుంది. ఆ పూలని నీళ్ళతో అరచేతుల్లో రుద్దితే నురగ వస్తుంది. పార్కుల్లో పూలు కోయకూడదు, నర్సరీ నుంచి తెచ్చి ఇంట్లో పెట్టుకున్న మొక్కతో చేసి చూడండి.

నురగ అంటే కుంకుడుకాయ గుర్తొస్తుంది కదా, దాని చుట్టం ఇక్కడ బకై. అయిదారు ఆకులు వేళ్ళలాగా విచ్చుకున్న ఆకు, మే నెలలో మూరెడు తెల్లటి పూల గెలలు. ఈ అడవిలో కాలాన్ని అందరికంటే ముందు నడిపేది ఇదే: ఫిబ్రవరిలో మిగతావన్నీ మోడుగా ఉండగానే లేతాకు వేస్తుంది, జూలై ఆగస్టుకల్లా ఆకంతా మాడ్చేసుకుని నిద్రపోతుంది, అక్టోబరులో బోడి కొమ్మలకి నున్నటి గోధుమ రంగు గింజలున్న పెద్ద కాయలు వేలాడుతుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు జూలైలో చూసి ఏదో తెగులు అనుకుంటారు. తెగులు కాదు, దాని లెక్కలో వేసవే శిశిరం. గింజ మాత్రం విషం, చేతికి బాగుందని పిల్లలు జేబులో వేసుకుంటారు, నోట్లో పెట్టుకోకుండా చూడండి. పూలలోని తేనె ఇక్కడ పెంచే తేనెటీగలకి కూడా విషమే.

లోయల్లో నీడ పట్టున బే లారెల్ ఉంటుంది. ఆకు నలిపి వాసన చూస్తే ముక్కు అదిరిపోతుంది. బిర్యానీ ఆకు కుటుంబమే కానీ దాని కంటే చాలా ఘాటు, కొందరికి తలనొప్పి వస్తుంది, బిర్యానీలోకి ఇది పనికొస్తుందని తెచ్చి గుప్పెడు వేయకండి.

చుట్టరికం లేని వాళ్ళు కూడా ఉన్నారు. మంజనీటా పొద కొమ్మ చూడండి, బెరడు ముదురు ఎరుపు, నూనె రాసినట్టు నున్నగా, చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది. జనవరి ఫిబ్రవరిలో చిన్న చిన్న కూజాల్లాంటి పూలు బోర్లా వేలాడతాయి. ఆకులు పడుకోకుండా అంచు పైకి పెట్టి నిలబడి ఉంటాయి, మధ్యాహ్నపు ఎండ సూటిగా తగలకుండా. టోయన్ చలికాలంలో ఎర్రటి పళ్ళ గుత్తులతో దూరం నుంచే తెలుస్తుంది, ఆకు అంచు రంపంలా ఉంటుంది. మంకీఫ్లవర్ నారింజ రంగు పువ్వు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి. పువ్వు నోట్లో తెల్లగా రెండు చిన్న పెదవుల్లాంటివి తెరుచుకుని ఉంటాయి. గడ్డిపరకతో మెల్లగా తాకితే మీరు చూస్తుండగానే రెండూ మూసుకుంటాయి, అత్తిపత్తి లాగా. పుప్పొడి అందితే మూసుకునే ఉంటాయి, అందకపోతే కాసేపటికి మళ్ళీ తెరుస్తుంది. మా అమ్మ ఆ ఒక్క పొద దగ్గర అరగంట కూర్చుంది.

మట్టి కూడా చూడండి, ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను: కామెరాన్ పార్క్ దగ్గర పైన్ హిల్ ప్రిజర్వ్ ఉంది, అక్కడ గాబ్రో అనే రాయి అరిగి వచ్చిన ఎర్రమట్టి. పైన్ హిల్ సియనోథస్ అనే నేలబారు మొక్క ఎల్ డొరాడో కౌంటీలో ఆ మట్టి మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. చుట్టూ మనవాళ్ళు కొనుక్కుంటున్న ఇళ్ళే.

పాయిజన్ ఓక్: ఇది చదవకుండా ట్రెయిల్ ఎక్కకండి

పేరులో ఓక్ ఉంది గానీ ఇది ఓక్ కాదు. మామిడి, జీడిమామిడి కుటుంబం. మామిడికాయలు కోసేటప్పుడు సొన అంటి మూతి చుట్టూ పొక్కులు రావడం, చాకలి గుర్తులు పెట్టే నల్లజీడి రసం పడితే ఒళ్ళు పొంగిపోవడం మన వాళ్ళకి తెలుసు. ఆ జిడ్డు లాంటిదే దీనిలోనూ ఉంది, దాని పేరు ఉరుషియాల్. ఆకు, కొమ్మ, వేరు, అన్నిట్లోనూ ఉంటుంది.

నాకు తగిలింది జనవరిలో. ఆకులు లేవు, నేలలోంచి నిటారుగా లేచిన సన్నటి పుల్లలు మాత్రమే ఉన్నాయి, ఏటి గట్టు జారుతుంటే వాటినే పట్టుకుని పైకెక్కాను. ఆ రోజు ఏమీ కాలేదు. రెండో రోజు పొద్దున వేళ్ళ సందుల్లో దురద, మూడో రోజుకి ముంజేతి మీద గీత గీసినట్టు వరసగా నీటి పొక్కులు. తగ్గడానికి దాదాపు మూడు వారాలు పట్టింది, రాత్రిళ్ళు నిద్ర లేదు. ఆకులున్నప్పుడు మాత్రమే జాగ్రత్తగా ఉంటే సరిపోదని అలా తెలిసింది.

గుర్తు ఇది: మూడేసి ఆకులు ఒక్క చోట, మధ్య ఆకుకి కాడ కాస్త పొడుగు, పక్కవి రెండూ దాదాపు ఎదురెదురుగా. అంచు ఓక్ ఆకులాగా అలలు అలలుగా ఉండొచ్చు, అందుకే ఆ పేరు, కానీ ఓక్‌కి ఆకు ఒక్కొక్కటే ఉంటుంది, మూడు కలిసి ఉండవు. వసంతంలో ఎర్రగా మెరుస్తూ, తర్వాత ఆకుపచ్చగా, జూలై నుంచి మళ్ళీ ఎర్రగా మారుతుంది. పొదగా ఉంటుంది, ఓక్ మానుని పట్టుకుని తీగలా పైకి కూడా పోతుంది. అడవి బ్లాక్‌బెర్రీకీ మూడాకులుంటాయి గానీ దాని కాడకి ముళ్ళుంటాయి, దీనికుండవు.

తగిలిందని అనుమానం వస్తే ఎంత తొందరగా కడిగితే అంత మంచిది, సబ్బుతో, చన్నీళ్ళతో, జిడ్డు వదిలేలా రుద్ది. బట్టలు, బూట్ల లేసులు, చేతికర్ర కూడా. కుక్కని తీసుకెళ్తే దాని బొచ్చుకి అంటి మన చేతికి వస్తుంది. మొహం మీద, కళ్ళ దగ్గర వస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఇంటి వెనక పీకిన పాయిజన్ ఓక్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ కాల్చకండి, ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఎండాకాలంలో గిలకపాములు, వసంతంలో పిడుదులు కూడా ఉంటాయి. బాట వదిలి నడవకండి, నిండు ప్యాంటు వేసుకోండి, బండ మీద కూర్చునే ముందు చూసుకోండి, చాలు.

ఎప్పుడెప్పుడు వెళ్ళాలి

ఏడాదిలో అయిదుసార్లు వెళ్ళినా సరిపోతుంది. ఫిబ్రవరి మొదట్లో మంజనీటా పూలు, బకై లేతాకు. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో అన్నిటికంటే బాగుంటుంది: రెడ్‌బడ్, పాపీలు, లూపిన్‌లు, బ్లూ ఓక్ లేతాకుతో పాటు వేలాడే పసుపు పూత. జూన్‌లో సాయంత్రం వెళ్ళండి, ఎందుకంటే సోప్ ప్లాంట్ అనే దుంప మొక్క పూలు పొద్దు వాలాకే విచ్చుకుంటాయి, పొద్దున్నకి వాడిపోతాయి. దాని దుంపని ఇక్కడి ఆదివాసులు సబ్బులాగా వాడారు, పైన ఉండే పీచుతో బ్రష్‌లు కట్టుకున్నారు. అక్టోబరులో ఓక్ కాయలు రాలతాయి, డిసెంబరులో టోయన్ పళ్ళు, బదనికలు.

ఎండాకాలంలో కనిపించే ఆ గోధుమ రంగు గడ్డి చాలావరకు ఇక్కడిది కాదు. అడవి ఓట్స్, బ్రోమ్ లాంటివి మధ్యధరా ప్రాంతం నుంచి పశువుల వెంట, విత్తనాల వెంట వచ్చి కొండలన్నీ కమ్మేశాయి. ఇక్కడి అసలు గడ్డి కట్టలు కట్టలుగా పెరుగుతుంది, పర్పుల్ నీడిల్‌గ్రాస్ అంటారు, 2004లో దాన్ని రాష్ట్ర గడ్డిగా ప్రకటించారు. దారి పక్కన ఫిలరీ అనే చిన్న మొక్క ఉంటుంది, అదీ బయటి నుంచి వచ్చిందే. దాని గింజకి స్ప్రింగులా మెలి తిరిగిన తోక ఉంటుంది. ఎండిన గింజ ఒకటి అరచేతిలో పెట్టి ఒక్క నీటి చుక్క వేయండి, మెలి విప్పుకుంటూ మెల్లగా తిరుగుతుంది, ఆరితే మళ్ళీ చుట్టుకుంటుంది. నేలలోకి తనని తాను మరలాగా బిగించుకునేది అలాగే.

అక్టోబరులో వెళ్ళినప్పుడు మానుల వైపు చూడండి. ఏకార్న్ వడ్రంగి పిట్టలు ఒక్కో చెట్టుకి వేల చిల్లులు పొడిచి ఒక్కో చిల్లిలో ఒక్కో కాయ దిగ్గొడతాయి, కాయ ఎండి వదులైతే తీసి ఇంకో చిన్న చిల్లిలోకి మారుస్తాయి. మనుషులకీ ఇది గాదె చెట్టే. ఇక్కడి ఆదివాసులైన మీవక్, నిసెనాన్, మైడు జనాలకి ఓక్ కాయ పిండే తిండి. కాయలో వగరు విపరీతం, అందుకని దంచి, పిండి మీద మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసి వగరు పోయేదాకా కడిగి వండుకునేవారు. అమడోర్ కౌంటీలో పైన్ గ్రోవ్ దగ్గర ఇండియన్ గ్రైండింగ్ రాక్ అనే పార్కులో ఒకే బండ మీద 1,185 రోలు గుంటలున్నాయి. మీవక్ వాళ్ళు ఆ చోటుని చావ్‌సే అంటారు. అమ్మ ఆ బండ ముందు నిలబడి "ఎంతమంది ఆడవాళ్ళు కూర్చుని దంచారో" అంది, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మీ పెరట్లోనే ఓక్ ఉంటే

ఎల్ డొరాడో హిల్స్ వైపు ఇల్లు కొన్న స్నేహితులకి నేను మొదట చెప్పేది ఇదే: ఎండాకాలంలో పాత ఓక్ మొదట్లో నీళ్ళు పోయకండి. మన అలవాటు చెట్టు వాడుతోందంటే నీళ్ళు పోయడం, కానీ ఈ చెట్టు వేసవిలో పొడి నేలకి అలవాటుపడింది, వేడి, తడి కలిస్తే వేళ్ళకి శిలీంధ్రం పట్టి మొదలు కుళ్ళిపోతుంది. దాని కింద లాన్ వేసి రోజూ స్ప్రింక్లర్ తిప్పితే నూరేళ్ళ చెట్టు కొన్నేళ్ళకి పోతుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో సరిగ్గా ఇలాగే రెండు బ్లూ ఓక్‌లు పోయాయి, లాన్ వేసిన కాంట్రాక్టరు ఒక్క మాట కూడా హెచ్చరించలేదని వాళ్ళు ఇప్పటికీ బాధపడతారు. కొమ్మల గొడుగు ఎంత మేర ఉందో అంత మేరా మట్టి పోయడం, తవ్వడం, సిమెంటు వేయడం వద్దు. రాలిన ఆకు అక్కడే ఉండనివ్వండి. కొట్టాలనుకుంటే ముందు మీ కౌంటీ, సిటీ నియమాలు కనుక్కోండి, చాలాచోట్ల అనుమతి కావాలి. క్యాంపింగ్ నుంచి కట్టెలు వెనక్కి తేకండి, ఎక్కడి కట్టె అక్కడే కాల్చేయాలి. 1990ల నుంచి బే ఏరియా తీరం వైపు సడెన్ ఓక్ డెత్ అనే తెగులు కోస్ట్ లైవ్ ఓక్‌లనీ బ్లాక్ ఓక్‌లనీ చంపుతోంది, అది బే లారెల్ ఆకుల మీద పెరిగి పాకుతుంది, బూట్ల మట్టితో కూడా వస్తుంది.

బ్లూ ఓక్ కష్టం వేరు. పెద్ద చెట్లు బానే ఉన్నాయి, చాలాచోట్ల పిల్ల చెట్లే లేవు. మొలక వస్తుంది గానీ చుట్టూ ఉన్న ఆ బయటి గడ్డి ఏప్రిల్ కల్లా నేలలో తేమంతా తాగేస్తుంది, మిగిలినదాన్ని గోఫర్‌లు (నేలలో బొరియలు తవ్వే ఎలుకల్లాంటివి), జింకలు, పశువులు తింటాయి. అందుకే చోటు ఉన్నవాళ్ళు ఒక్క మొక్కయినా పెంచమని అడుగుతాను. పద్ధతి కష్టం కాదు.

అక్టోబరులో మీ ఇంటి దగ్గర చెట్టు కిందవే కాయలు ఏరండి, పార్కులోవి వద్దు. బకెట్ నీళ్ళలో వేయండి. వడ్లలో తాలు తేల్చినట్టే, తేలినవి పారేయండి, మునిగినవే గట్టివి. వెంటనే నాటలేకపోతే కాస్త చిల్లులున్న కవరులో ఫ్రిజ్‌లో పెట్టండి, ఎండనివ్వొద్దు, ఎండితే చచ్చిపోతుంది. మొదటి వానలు పడి నేల మెత్తబడ్డాక, గడ్డి శుభ్రంగా పీకి, కాయని అడ్డంగా పడుకోబెట్టి అంగుళం లోతులో కప్పండి. ముందు వేరు దిగుతుంది. నేను ఒకటి నాటకుండా తడి గుడ్డలో ఉంచి చూశాను, మొన దగ్గర తెల్లటి వేరు వేలెడు పొడుగు సాగింది, మొలక జాడే లేదు. నేలలో కూడా అంతే, చలికాలమంతా లోపలికే పోయి వసంతంలో పైకి తల పెడుతుంది, మొదటి ఏడాది నాలుగైదు అంగుళాలు దాటదు. మొదటి రెండు వేసవులు మాత్రం నెలకొకటి రెండుసార్లు లోతుగా నీళ్ళు పోయొచ్చు, తర్వాత మానేయాలి. చుట్టూ మూడడుగుల మేర గడ్డి రానివ్వొద్దు. గోఫర్ల కోసం నేలలోకి అడుగు లోతు దిగేలా ఇనప వల గుండ్రంగా చుట్టి పెట్టండి, పైన నాలుగైదు అడుగులు ఉండాలి. జింక నోటికి చిగురు అందనంత ఎత్తు పెరిగేదాకా ఆ వల తీయకండి, అది ఎన్నేళ్ళు పట్టినా సరే.